భారతదేశంలో ద్విచక్ర వాహనాల అమ్మకాల సరళి

భారతదేశంలో ద్విచక్ర వాహనాల అమ్మకాలు దేశ ఆర్థిక స్థితిని, ముఖ్యంగా గ్రామీణ ప్రజల కొనుగోలు శక్తిని తెలిపే ప్రధాన సూచికలలో ఒకటి. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, మోపెడ్లు ఈ వర్గంలోకి వస్తాయి. సంఖ్య రీత్యా ప్రపంచంలో అతి పెద్ద ద్విచక్ర వాహన విపణి భారతదేశమే. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో సుమారు 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడుపోయినవి. అయినను ఈ సంఖ్య 2018-19లో నమోదైన 2 కోట్ల 12 లక్షల కంటే తక్కువ. ఈ ఆరు సంవత్సరాలలో ఏ తరగతి వాహనం తిరిగి కోలుకున్నది, ఏ తరగతి కోలుకోలేదు అనే విషయం పరిశీలిస్తే మొత్తం సంఖ్యలో కనబడని ఒక మార్పు తెలుస్తుంది.

అమ్మకాలను లెక్కించే విధానం

పత్రికలలో "అమ్మకాలు" అనే మాట రెండు వేరువేరు అర్థాలలో వాడబడుతున్నది.

మొదటిది, కర్మాగారం నుండి డీలర్లకు పంపిన వాహనాల సంఖ్య. సియామ్ అని పిలవబడే భారత ఆటోమొబైల్ తయారీదారుల సంఘం ప్రకటించే గణాంకాలు ఈ రకమైనవి. డీలరు గోదాములో నిలిచియున్న బండి కూడా ఈ లెక్కలో అమ్ముడుపోయినట్లే.

రెండవది, వినియోగదారుడు కొని, రవాణా శాఖ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకున్న వాహనాల సంఖ్య. డీలర్ల సమాఖ్య అయిన ఫాడా ప్రకటించే గణాంకాలు ఈ రకమైనవి. ఇవి కేంద్ర ప్రభుత్వం నిర్వహించే "వాహన్" సమాచార వ్యవస్థ నుండి తీసుకొనబడతాయి. తెలంగాణ రవాణా శాఖ తన సొంత వ్యవస్థను వాడుచుండుట వలన ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషన్లు చాలా సంవత్సరాలపాటు ఈ లెక్కలలో చేరలేదు. కొంతకాలం ఆంధ్ర ప్రదేశ్ పరిస్థితి కూడా ఇదే. కావున "దేశవ్యాప్త" సంఖ్య అని చెప్పబడినదానిలో ఏ రాష్ట్రాలు ఉన్నవో చూచుకొనుట అవసరం.

పండుగలకు ముందు కంపెనీలు డీలర్లకు ఎక్కువ బండ్లు పంపుతాయి. అప్పుడు మొదటి సంఖ్య పెరుగుతుంది. ఆ బండ్లు అనుకున్నట్లు అమ్ముడుపోకపోతే తరువాతి నెలలలో కంపెనీలు ఉత్పత్తి తగ్గించవలసి వస్తుంది. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాయే నిలువ సరుకు. ఈ వ్యాసంలో ప్రత్యేకంగా చెప్పనిచోట్ల ఉన్నవి మొదటి రకపు, అనగా కర్మాగారం నుండి దేశీయ డీలర్లకు పంపిన వాహనాల సంఖ్యలు. సంవత్సరం అనగా ఏప్రిల్ నుండి మార్చి వరకు గల ఆర్థిక సంవత్సరం.

చరిత్ర

నిరీక్షణ కాలం (1955 - 1983)

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్ మోటారు సైకిళ్ళ తయారీని ప్రారంభించినది. భారత సైన్యం సరిహద్దు గస్తీ కొరకు ఇచ్చిన ఆర్డరు దీనికి మూలం. అదే దశకంలో బొంబాయిలో లాంబ్రెట్టా స్కూటర్ల తయారీ మొదలైనది. 1960 దశకంలో బజాజ్ సంస్థ ఇటలీకి చెందిన పియాజియో సహకారంతో వెస్పా స్కూటర్లను, మైసూరులోని ఐడియల్ జావా సంస్థ జావా మోటారు సైకిళ్ళను, ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్‌ను తయారు చేసినవి.

ఏ కర్మాగారం ఎన్ని బండ్లు తయారు చేయవలెనో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించేది. కావున ఆ కాలంలో అమ్మకాల సంఖ్య ప్రజల అవసరాన్ని గాక లైసెన్సు పరిమితిని తెలిపేది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు కొరకు డబ్బు కట్టి సంవత్సరాల తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. ఈ నిరీక్షణ కొన్నిచోట్ల పది సంవత్సరాలు కూడా ఉండేది. బండి చేతికి వచ్చిన వెంటనే అసలు ధర కంటే ఎక్కువకు అమ్ముకొనుటకు వీలుండేది. గిరాకీని తీర్చుటకు కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ రంగంలో కూడా స్కూటర్లు తయారైనవి. హైదరాబాదు నుండి వచ్చిన ఆల్విన్ పుష్పక్ స్కూటరు ఆ కాలపు వాహనమే.

స్కూటరు కొనలేనివారికి 1972లో కైనెటిక్ సంస్థ లూనా మోపెడ్‌ను, 1980లో తమిళనాడులోని హోసూరు నుండి టి.వి.ఎస్. సంస్థ టి.వి.ఎస్.-50ని విడుదల చేసినవి.

జపాను సహకార యుగం (1984 - 1998)

1980 దశకంలో ప్రభుత్వం విదేశీ సాంకేతిక సహకారానికి అనుమతి ఇచ్చిన తరువాత విపణి రూపం మారినది. స్వల్ప వ్యవధిలో నాలుగు జపాను సంస్థల సహకారంతో వంద సి.సి. మోటారు సైకిళ్ళు వచ్చినవి. అవి ఇండ్-సుజుకి (1984), హీరో హోండా సి.డి. 100 (1985), యమహా ఆర్.ఎక్స్. 100 (1985), కవాసకి బజాజ్ కె.బి. 100 (1986). వీటిలో హీరో హోండా బండి ఒక్కటే ఫోర్-స్ట్రోక్ ఇంజనుతో వచ్చినది. మిగిలినవి టూ-స్ట్రోక్ ఇంజనులు కలవి. ఫోర్-స్ట్రోక్ ఇంజను వేగంలో వెనుకబడినను తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచేది, పెట్రోలులో నూనె కలుపవలసిన పని లేదు. భారతీయ కొనుగోలుదారుడు చివరకు వేగాన్ని గాక మైలేజీని ఎన్నుకొన్నాడు. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ ఎంపికను స్థిరపరచినది.

1991 ఆర్థిక సంక్షోభం తరువాత ఒకటి రెండు సంవత్సరాలు అమ్మకాలు తగ్గి, దశకం మధ్యలో తిరిగి పుంజుకొన్నవి. 1990 దశకం ప్రారంభంలో మొత్తం అమ్మకాలలో స్కూటర్లదే పెద్ద వాటా. దశకం ముగిసేసరికి మోటారు సైకిలు స్కూటరును దాటిపోయినది. పల్లెల గతుకుల రోడ్లపై స్కూటరు చిన్న చక్రాల కంటే మోటారు సైకిలు పెద్ద చక్రాలు అనుకూలంగా ఉండుట ఈ మార్పుకు ముఖ్య కారణాలలో ఒకటి.

మోటారు సైకిలు ఆధిక్యం (1999 - 2010)

2001లో హీరో హోండా సంఖ్య రీత్యా ప్రపంచంలో అతి పెద్ద ద్విచక్ర వాహన తయారీ సంస్థ అయినది. అదే సంవత్సరం బజాజ్ పల్సర్ విడుదలై, మైలేజీతో పాటు శక్తిని కోరే యువకుల తరగతి ఒకటి ఉన్నదని నిరూపించినది. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వాయిదాల పద్ధతిలో రుణాలు ఇచ్చుట వలన మొత్తం ధర చేతిలో లేనివారు కూడా బండి కొనగలిగినారు. ఈ రుణాలపై ఆధారపడుట ఎంతటిదో 2007-08లో తెలిసినది. వడ్డీ రేట్లు పెరిగి, వసూలు కాని బాకీలు ఎక్కువై, కొన్ని బ్యాంకులు ఈ రుణాలను తగ్గించుకొనగా ఆ సంవత్సరం అమ్మకాలు సుమారు 8 శాతం పడిపోయినవి.

2009 డిసెంబరులో బజాజ్ సంస్థ స్కూటర్ల తయారీ నిలిపివేయనున్నట్లు ప్రకటించినది. ఒకనాడు పదేళ్ళు ఎదురు చూచి కొన్న స్కూటరుకు ఇక కాలం చెల్లినదని చాలామంది భావించినారు.

స్కూటరు పునరాగమనం (2010 నుండి)

ఆ భావన నిలువలేదు. హోండా సంస్థ 2001లో విడుదల చేసిన గేర్లు లేని యాక్టివా స్కూటరు అప్పటికే నగరాలలో వ్యాపించుచున్నది. ఉద్యోగాలకు, కళాశాలలకు వెళ్ళే స్త్రీల సంఖ్య పెరుగుట, ఒకే బండిని కుటుంబంలో అందరూ నడుపగలుగుట దీనికి కారణాలు. 2009-10లో సుమారు 15 లక్షలుగా ఉన్న స్కూటర్ల అమ్మకాలు 2018-19 నాటికి 67 లక్షలకు చేరినవి. 2016-17లో యాక్టివా స్ప్లెండర్‌ను దాటి దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయిన ద్విచక్ర వాహనమైనది. ఈ లోగా, 2010 డిసెంబరులో హీరో, హోండా సంస్థలు విడిపోవుటకు నిర్ణయించుకొన్నవి. భారతీయ సంస్థ 2011లో హీరో మోటోకార్ప్‌గా పేరు మార్చుకొన్నది.

సంవత్సరాల వారీగా దేశీయ అమ్మకాలు

కొన్ని ముఖ్య సంవత్సరాల సంఖ్యలు (లక్షలలో) క్రింద ఇవ్వబడినవి.

2004-05 : 62.1
2006-07 : 78.7
2007-08 : 72.5
2008-09 : 74.4
2009-10 : 93.7
2010-11 : 117.7
2013-14 : 148.1
2016-17 : 175.9
2018-19 : 211.8
2019-20 : 174.2
2020-21 : 151.2
2021-22 : 135.7
2022-23 : 158.6
2023-24 : 179.7
2024-25 : 196.1

2018 తరువాతి పతనం

2018-19 నుండి 2021-22 వరకు మూడు సంవత్సరాలలో అమ్మకాలు సుమారు 36 శాతం తగ్గినవి. దీనికి కరోనా వ్యాధియే కారణమని సాధారణంగా చెప్పబడుతున్నది. కాని పట్టికను చూస్తే మొదటి పెద్ద తగ్గుదల 2019-20లోనే, అనగా దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ముందు గడచిన నెలలలోనే జరిగినట్లు తెలుస్తుంది. దానికి గల కారణాలు ఇవి.

2018 సెప్టెంబరు 1 నుండి, సుప్రీం కోర్టు ఆదేశాన్ని అనుసరించి, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదు సంవత్సరాల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకొనవలసి వచ్చినది. అంతకు ముందు ఒక సంవత్సరానికి కడితే సరిపోయేది.

అదే నెలలో ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థ బాకీలు చెల్లించలేకపోవుటతో బ్యాంకేతర ఫైనాన్సు కంపెనీలకు నిధుల కొరత ఏర్పడినది. గ్రామాలలో బండ్లకు రుణాలు ఇచ్చేవి ఎక్కువగా ఈ కంపెనీలే.

2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. కంటే ఎక్కువ శక్తి గల బండ్లకు చక్రం బిగుసుకొని జారిపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. బ్రేకులు, అంతకు తక్కువ వాటికి రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి అయినవి.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. కార్బ్యురేటరు స్థానంలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ పరికరాలు చాలా బండ్లలో అమర్చవలసి వచ్చినది.

ఈ ఖర్చులు చిన్న బండిపైనే ఎక్కువ భారమైనవి. లక్షన్నర రూపాయల బండిపై పది వేలు పెరిగితే అది ఆరేడు శాతం మాత్రమే. యాభై వేల రూపాయల బండిపై అదే పది వేలు ఇరవై శాతం అవుతుంది. 2018 ప్రారంభంలో 50 వేల రూపాయలకు అటూ ఇటూగా ఉన్న సాధారణ వంద సి.సి. బండి షోరూము ధర కొన్ని సంవత్సరాలలోనే 75 వేల ప్రాంతానికి చేరినది.

దీనిపై కరోనా వచ్చి పడినది. 2020 ఏప్రిల్‌లో ప్రధాన తయారీదార్లు తమ దేశీయ అమ్మకాలను సున్నాగా ప్రకటించినారు. 2021లో రెండవ విడత వ్యాధి పల్లెలకు కూడా వ్యాపించుటతో, ఆస్పత్రి ఖర్చులతో పొదుపు కరిగిపోయిన కుటుంబాలు బండి కొనుగోలును వాయిదా వేసుకొన్నవి.

అయితే ఈ నియమాలను కేవలం భారంగా చూచుట సరి కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో సుమారు 75 వేలమంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించుచున్నవారే. మంచి బ్రేకులు, బీమా ఈ కుటుంబాలకే అవసరం. ఆ రక్షణ ఖర్చును అందరికంటే తక్కువ ఆదాయం గల కొనుగోలుదారుడు ఎట్లు భరించగలడన్నదే ఇందులోని చిక్కు.

కోలుకొనుటలో తేడాలు

2018-19 సంఖ్యలను 2024-25 సంఖ్యలతో తరగతుల వారీగా పోల్చి చూడవచ్చును.

స్కూటర్లు 67.0 లక్షల నుండి 68.5 లక్షలకు పెరిగినవి.
మోటారు సైకిళ్ళు 136.0 లక్షల నుండి 122.5 లక్షలకు తగ్గినవి.
మోపెడ్లు 8.8 లక్షల నుండి 5.0 లక్షలకు తగ్గినవి.

అనగా స్కూటర్లు పూర్వస్థితిని దాటినవి. మోటారు సైకిళ్ళు ఇంకా పది శాతం వెనుక ఉన్నవి. అన్నిటికంటే చౌక అయిన మోపెడ్లు 43 శాతం తగ్గినవి. పాల క్యానులు, కూరగాయల బుట్టలు, ఎరువు బస్తాలు మోసుకొనిపోయే చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు మోపెడ్‌ను ఎక్కువగా వాడుతారు. ఇదే కాలంలో 350 సి.సి. బండ్లకు పేరు పొందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఎగుమతులతో కలిపి 2024-25లో మొదటిసారిగా పది లక్షల వార్షిక అమ్మకాలను దాటినది. 2010లో ఈ సంస్థ అమ్మకాలు సుమారు 50 వేలు మాత్రమే. ఖరీదైన బండ్లు పెరుగుట, చౌక బండ్లు తగ్గుట ఒకేసారి జరిగినవి.

పన్నుల విషయానికి వస్తే, 2017 జులై 1న జి.ఎస్.టి. అమలైనప్పుడు ద్విచక్ర వాహనాలపై 28 శాతం పన్ను విధించబడినది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల బండ్లపై ఇది 18 శాతానికి తగ్గించబడినది. అంతకు మించిన బండ్లపై పన్ను 40 శాతమైనది. దీనివలన చిన్న బండ్ల ధరలు వేల రూపాయలలో తగ్గినవి.

పండుగలు, పంటలు, మూఢాలు

అమ్మకాలు సంవత్సరమంతా ఒకే విధంగా ఉండవు. దసరా నుండి దీపావళి వరకు గల వారాలు దేశమంతటా ముఖ్యమైన కాలం. వానలు బాగా పడి, ఖరీఫ్ పంట చేతికి వచ్చి, ధర గిట్టుబాటైన సంవత్సరంలో పల్లెలలో కొనుగోళ్ళు పెరుగుతాయి. పెళ్ళిళ్ళ కాలం కూడా ఇందుకు తోడ్పడుతుంది.

తెలుగు ప్రాంతాలలో ఉగాది, దసరా, సంక్రాంతి బండ్లు కొనే ముఖ్య సందర్భాలు. ఆషాఢ మాసంలోను, శూన్య మాసమనబడే పుష్యంలోను, మూఢాలలోను కొత్త బండి ఇంటికి తెచ్చుకొనుటకు చాలామంది ఇష్టపడరు. ఉత్తరాదిన పితృపక్షంలో ఇదే పరిస్థితి. చాంద్రమాన మాసాలు ఇంగ్లీషు క్యాలెండరులో ఏటేటా ముందుకు వెనుకకు జరుగుట వలన, ఒక సంవత్సరం అక్టోబరును క్రిందటి అక్టోబరుతో పోల్చుట తప్పుదారి పట్టించవచ్చును. ఒక ఏడు దీపావళి అక్టోబరులో, మరొక ఏడు నవంబరులో వస్తుంది. రెండు నెలలను కలిపి పోల్చుట మంచి పద్ధతి.

ప్రభుత్వ నిర్ణయాలు కూడా నెలవారీ సంఖ్యలను తారుమారు చేస్తాయి. 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరుగగా, డిసెంబరులో అమ్మకాలు అంతకు ముందు ఏటి డిసెంబరు కంటే 22 శాతం తగ్గినవి. 2017 మార్చి 29న సుప్రీం కోర్టు భారత్ స్టేజ్-3 వాహనాలను ఏప్రిల్ 1 నుండి అమ్మరాదని తీర్పునిచ్చినప్పుడు దేశంలో సుమారు 6 లక్షల 70 వేల ద్విచక్ర వాహనాలు అమ్ముడుపోకుండా ఉన్నవి. డీలర్లు వేల రూపాయల తగ్గింపు ఇవ్వగా రెండు రోజులపాటు షోరూముల ముందు జనం బారులు తీరినారు.

విద్యుత్ ద్విచక్ర వాహనాలు

విద్యుత్ వాహనాలకు రాయితీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఫేమ్ పథకం 2015లో మొదలైనది. 2021లో రాయితీని పెంచిన తరువాత అమ్మకాలు వేగంగా పెరిగినవి. 2021-22లో సుమారు రెండున్నర లక్షలుగా ఉన్న రిజిస్ట్రేషన్లు 2024-25లో పదకొండున్నర లక్షలకు చేరినవి. ఇది అన్ని ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్లలో సుమారు ఆరు శాతం. వీటిలో అత్యధికం స్కూటర్లే. కావున స్కూటర్ల తరగతిలో ఈ మార్పు ప్రభావం ఇంకా ఎక్కువ.

ఈ విపణి రాయితీలపై ఎంతగా ఆధారపడినదో 2023లో తెలిసినది. ఆ సంవత్సరం జూన్ 1 నుండి రాయితీ తగ్గించబడగా, మే నెలలో లక్షకు పైగా ఉన్న రిజిస్ట్రేషన్లు జూన్‌లో సగం కంటే తక్కువకు పడిపోయినవి. అంతకు ముందు 2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాదులలో స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు మరణించినారు. ఇటువంటి సంఘటనల తరువాత అదే సంవత్సరం డిసెంబరు నుండి బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినతరం చేయబడినవి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయింపు ప్రకటించినది.

దారి లేని చోట నడిచే వాహనాలు

అమెరికాలో మట్టి దారుల మోటారు సైకిళ్ళు, వెడల్పు చక్రాల నాలుగు చక్రాల బండ్లు ఒక ప్రత్యేక పరిశ్రమ. వీటిని విశాలమైన పొలాలలోను, అడవులలోను, వినోదానికి కేటాయించిన మైదానాలలోను నడుపుతారు. అక్కడ ఈ వాహనాలు, మోటారు సైకిళ్ళు ఎక్కువగా తీరిక వేళల సాధనాలు. కావున ఆర్థిక మాంద్యం రాగానే వాటి కొనుగోలే ముందుగా ఆగిపోతుంది. 2006లో సుమారు 11 లక్షలుగా ఉన్న అక్కడి కొత్త మోటారు సైకిళ్ళ అమ్మకాలు 2008 ఆర్థిక సంక్షోభం తరువాత సగానికి పడిపోయినవి. అదే సంక్షోభం నడచుచుండగా 2009-10లో భారతదేశంలో అమ్మకాలు 26 శాతం పెరిగినవి. ఇక్కడ బండి వినోదం కాదు, పనికి వెళ్ళుటకు ఆధారం.

భారతదేశంలో అటువంటి నాలుగు చక్రాల బండ్లను సాధారణంగా రోడ్డుపై నడుపుటకు రిజిస్టరు చేయరు. అందుచేత అవి సాహస క్రీడా కేంద్రాలు, సైన్యం, తోటలు వంటి వాటికి పరిమితమైనవి. మోటారు సైకిళ్ళలో హీరో ఇంపల్స్ (2011) ఎక్కువ కాలం నిలువలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ (2016), హీరో ఎక్స్‌పల్స్ (2019) వచ్చిన తరువాత లడఖ్, స్పితి వంటి కొండ ప్రాంతాల యాత్రలు చేసే యువకులలో ఈ తరగతికి ఆదరణ పెరిగినది. మొత్తం అమ్మకాలలో వీటి వాటా స్వల్పం.

ఎగుమతులు

2021-22లో దేశీయ అమ్మకాలు దశాబ్దంలోనే అతి తక్కువ స్థాయికి పడిపోగా, ఎగుమతులు అప్పటికి అత్యధికంగా 44.4 లక్షలకు చేరినవి. ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలు, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ముఖ్యమైన విపణులు. ఆఫ్రికా నగరాలలో భారతీయ మోటారు సైకిళ్ళు బాడుగ బండ్లుగా నడుస్తాయి. నైజీరియా వంటి దేశాలలో డాలర్ల కొరత ఏర్పడి, కరెన్సీ విలువ పడిపోగా 2023-24లో ఎగుమతులు 34.6 లక్షలకు తగ్గినవి. 2024-25లో తిరిగి 42 లక్షలకు చేరినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో శ్రీసిటీ సమీపాన సత్యవేడు మండలంలో హీరో మోటోకార్ప్ కర్మాగారానికి 2018 మార్చిలో శంకుస్థాపన జరిగినది. ఈ ప్రాంతం మద్రాసు ఓడరేవులకు దగ్గరగా ఉన్నది.

గణాంకాలను చదువునప్పుడు గమనించవలసినవి

శాతాలను మాత్రమే చూచిన పొరపాటు పడుటకు అవకాశమున్నది. 2022-23లో అమ్మకాలు 17 శాతం పెరిగినవి. అది పెద్ద పెరుగుదల వలె కనిపించును. కాని ఆ సంవత్సరపు 158.6 లక్షలు, ఎనిమిది సంవత్సరాల ముందు 2014-15లో అమ్ముడుపోయిన 159.8 లక్షల కంటే తక్కువే. పోల్చబడిన సంవత్సరం బాగా పడిపోయినదైతే చిన్న మెరుగుదల కూడా పెద్ద శాతంగా కనబడుతుంది.

కంపెనీల ఆదాయం పెరుగుట, బండ్ల సంఖ్య పెరుగుట కూడా ఒకటి కావు. ధరలు పెరిగి, ఖరీదైన బండ్లు ఎక్కువగా అమ్ముడుపోయినప్పుడు తక్కువ బండ్లతోనే ఎక్కువ ఆదాయం వస్తుంది. కావున గ్రామీణ భారతం స్థితిని తెలుసుకొనగోరువారు మొత్తం సంఖ్యతో పాటు, వంద సి.సి. బండ్లు, మోపెడ్ల సంఖ్యలను విడిగా చూడవలెను. మొదటి బండి కొనుక్కొనే కూలీ, చిన్న రైతు, చిరు వ్యాపారి ఆ సంఖ్యలలోనే ఉంటారు.